నీళ్ల నడుమ రాతిమెట్లు: నాగార్జునకొండలో ఒక చలిరోజు

నాగార్జునకొండ అంటే గాజుపెట్టెల్లో విగ్రహాలు, వాటికింద చీటీలు, ఓ గంటలో అయిపోతుందిలే అనుకునే బయల్దేరాను. తీరా లాంచీ సరంగు రెండుసార్లు కూత పెట్టినా కొండ దిగబుద్ధి కాలేదు. అక్కడ చూడవలసింది సగం ఆరుబయటే ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

జనవరిలో మా బి.యస్సీ. మూడో సంవత్సరం వాళ్లం లెక్చరర్లతో కలిసి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. ఎండ వచ్చినా చలి వదల్లేదు. జలాశయం మీది గాలి చెవులు కోస్తోంది. పైన నిలబడతామని ఎక్కిన వీరులంతా అయిదు నిమిషాల్లో కిందికి దిగొచ్చారు. ఇనప కమ్మీ పట్టుకుంటే చేయి జివ్వుమంటోంది, పక్కనున్న చెక్కబల్ల మాత్రం అంత చల్లగా లేదు. "రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే కదా, ఎందుకు తేడా?" అని ఫిజిక్సు మాస్టారు అక్కడ కూడా పాఠం మొదలుపెట్టారు. ఇనుము మన చేతి వేడిని త్వరగా లాగేస్తుంది, చెక్క లాగలేదు. అంతే తేడా.

ప్రయాణం 45 నిమిషాలు. ఆ నీళ్లకింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి నగరం. సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు ఒక పాత రాతిస్తంభం చూసి కబురు చెప్పగా, 1926లో రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయమైంది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా గాలించి తవ్వారు. తొమ్మిది ముఖ్య కట్టడాలను విప్పి, కొండమీదికి చేర్చి, మళ్లీ కట్టారు. మరికొన్నింటికి నమూనాలు చేసిపెట్టారు. అప్పటి కొండే ఇప్పటి దీవి.

విహారం ఆకారంలో కట్టిన మ్యూజియం 1966లో తెరిచారు. లోపలి శిల్పాల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కనుక నేను బయటికే వస్తాను. (శుక్రవారం సెలవు. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.)

మహాస్తూపం పునాది చూడగానే నాకు మా ఇంటి ఎడ్లబండి గుర్తొచ్చింది. నేలమీద ఇటుకలతో బండిచక్రం పరిచినట్టే ఉంటుంది. మధ్యన కుంభి, దాన్నుంచి ఆకులు, చుట్టూ పూటీలు. వ్యాసం 106 అడుగులు. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు. అంత దిబ్బనూ ఇటుకతోనే కడితే ఎన్ని బట్టీలు కాల్చాలి? ఒట్టి మట్టే పోస్తే వానలకు జారిపోతుంది. మట్టిని గదులు గదులుగా విడగొడితే ఒక గదిలోని బరువు ఇంకోదాన్ని తొయ్యకుండా గోడలు ఆపుతాయి. ఇటుకా కలిసొస్తుంది, గట్టిదనమూ తగ్గదు. ఇంజనీరింగు కాలేజీ లేని రోజుల్లో ఈ లెక్క వేసినవాడు పొలం గట్టు వేసినవాడే అయివుంటాడని నా ఊహ.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం స్నానఘట్టం. మా ఇంట్లో నేలకు పరిచినలాంటి నాపరాళ్లు. ఒకప్పుడు ఆ మెట్లు కృష్ణలోకి దిగేవి. ఇప్పుడు గడ్డిలోకి దిగుతున్నాయి. చుట్టూ కనుచూపుమేర నీళ్లే, ఘట్టానికి మాత్రం నీళ్లు లేవు. రాళ్లను మోసుకురాగలిగారు గానీ నదిని తేలేరు కదా. లోయలో దూరదూరంగా ఉన్న కట్టడాలు ఇక్కడ నాలుగడుగుల్లో వస్తాయి. ఊరు ఎంత పెద్దదో, ఘట్టం నుంచి స్తూపానికి ఎంతసేపు నడిచేవారో ఇక్కడ తెలియదు. ఇది మ్యూజియం వాళ్ల తప్పు కాదు. ఆ పని చేయకపోతే ఈ మాత్రమూ మిగిలేది కాదు.

కట్టడాలకైతే ఒక కొండ దొరికింది. ఆ లోయలో దున్నుకు బతికినవాళ్ల ఇళ్లూ చేలూ ఏ కొండా ఎక్కలేదు. ఈ మాట రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే మాది కుడికాలువ కింద చివరి భూములున్న ఊరు. 1967లో కాలువలకు నీళ్లు వదలక ముందు మా చేలో జొన్నే పండేదట. వరి ఆ నీళ్లతో వచ్చింది. నా కాలేజీ ఫీజు కూడా ఆ వరి మీదే వచ్చింది. మునిగినవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు, డ్యాము వద్దని మాత్రం అనలేను.

ఇంటికెళ్లాక తాతయ్యకు చక్రం సంగతి, మెట్ల సంగతి అంతా చెప్పాను. కుంభి, ఆకులు అనగానే నవ్వాడు. అంతా విని, "అది సరేగానిరా, డ్యాములో నీళ్లెట్లా ఉన్నాయి? 590కి ఎన్నడుగులు తక్కువుంది?" అని అడిగాడు.

నేను అది చూసి రాలేదు.