అర గుంట పెరడు – మూడు విడతల విత్తనం
చలికాలమంతా ఇంటి కూరగాయలకు కొదవ ఉండదు

ఎకరం పత్తి, అర ఎకరం వరి ఉన్న రైతు కూడా వారం వారం సంచి పట్టుకుని అంగడికి పోయి టమాట, వంకాయ, కొత్తిమీర కట్ట కొనుక్కొస్తున్నాడు. పత్తి ఇంకా ఇంటికి చేరలేదు, వడ్లు అమ్ముడు పోలేదు, చేతిలో రూపాయి ఆడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కూరగాయలకు డబ్బు పెట్టాల్సి వస్తోంది. ఇంటి వెనుక జాగా మాత్రం పిచ్చిచెట్లు మొలిచి పడి ఉంటుంది.

పెరట్లో ఏనాడూ విత్తనం వేయలేదనే వాళ్లు తక్కువ. "వేశాం, నెలరోజులు తిన్నాం, తర్వాత ఏమీ లేదు" అనే వాళ్లే ఎక్కువ. తెచ్చిన విత్తనమంతా ఒకే రోజు వేయడమే దీనికి కారణం. పన్నెండు క్యాబేజీలు ఒకే వారంలో గడ్డకడితే ఇంటిల్లిపాదీ ఎంతని తింటారు? కోయకుండా ఉంచితే గడ్డ పగులుతుంది. చివరకు పశువుల పాలే. అందుకే ఈసారి విత్తనాన్ని మూడు విడతలుగా వేసి చూడండి.

మడులు ఇలా చేసుకోండి

అర గుంట అంటే సుమారు 60 గజాలు. 27 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు జాగా చాలు. రోజులో కనీసం ఆరు గంటలు ఎండ పడాలి. మధ్యలో రెండడుగుల బాట వదిలి, అటు ఆరు, ఇటు ఆరు మడులు చేయాలి. ఒక్కో మడి 9 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మడికీ మడికీ నడుమ అడుగున్నర సందు ఉంచాలి. వెడల్పు మూడడుగులు దాటకుంటే రెండు వైపులా కూర్చుని చేయి చాపి కలుపు తీయవచ్చు. మడిలో కాలు పెట్టే పని ఉండదు, మట్టి గట్టిపడదు.

మడికి రెండు గంపల బాగా మాగిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి తవ్వాలి. పచ్చి పేడ వేయవద్దు, చెద పడుతుంది. క్యారెట్, ముల్లంగి వేసే మడిలో రాళ్లు, పెళ్లలు ఏరేయాలి. లేకుంటే గడ్డ చీలి వంకర్లు పోతుంది.

పన్నెండు మడులను ఇలా పంచుకోవచ్చు: ఆకుకూరలకు నాలుగు, టమాటకు రెండు, క్యాబేజీ, కాలీఫ్లవర్‌కు రెండు, వంగకు ఒకటి, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌కు ఒక్కొక్కటి. కంచె వెంట ఆషాఢ, శ్రావణాల్లో పెట్టిన పందిరి చిక్కుడు ఉంటే పొద్దు తగ్గేకొద్దీ పూతకు వస్తుంది. అప్పుడు పెట్టని వారు ఇప్పుడు పెట్టినా పూస్తుంది గానీ, తీగ ఎక్కువ సాగదు, కాపు తక్కువ.

మొదటి విడత: దసరా – దీపావళి మధ్య

టమాట, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోయాలి. నారుమడి జానెడు ఎత్తు ఉండాలి. నీరు నిలిస్తే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి పట్టించి, వేలెడు దూరంలో గీతలు గీసి పలుచగా వేయాలి. కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. విత్తనం సగమే వాడి, మిగతా సగం పొడి డబ్బాలో దాచండి.

ఇదే వారం రెండు మడుల్లో పాలకూర, మెంతికూర, మరో మడిలో సగానికి కొత్తిమీర, ముల్లంగి మడిలో సగానికి ముల్లంగి వేయాలి. మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోవే పిడికెడు చాలు. ధనియాలను చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మెంతులు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. ధనియాలకు పది రోజులు దాటవచ్చు, మొలవలేదని తవ్వేయకండి.

కాలీఫ్లవర్‌లో రకం చూసి కొనాలి. పూసా కత్కి, ఎర్లీ కున్వారీ వంటివి ముందుగా వేసే రకాలు. వీటిని చలి ముదిరాక నాటితే మొక్క ఎదగకముందే బొత్తామంత పువ్వు కడుతుంది. స్నోబాల్ రకాలకు మంచి చలి కావాలి. పొట్లం మీద నాటే నెల చదివించుకుని మరీ తీసుకోండి.

రెండో విడత: నవంబరు మొదటి పక్షం

25–30 రోజుల నారు నాటాలి. వంగ నారు మరో వారం ఆగవచ్చు. మడికి రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర. అంటే మడికి 12 మొక్కలు. టమాట ఒక మడి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒక మడి మాత్రమే నాటండి. సాయంత్రం నాటి వెంటనే నీళ్లు పోయాలి.

క్యారెట్, బీట్‌రూట్ నేరుగా మడిలోనే విత్తాలి. బీట్‌రూట్ గింజ ఒక్కటిగా కనిపించినా అందులోంచి రెండు మూడు మొక్కలు వస్తాయి. మంచిదొకటి ఉంచి మిగతావి పీకేయాలి. పీకిన లేత ఆకును పప్పులో వేసుకోవచ్చు. ముల్లంగి, కొత్తిమీర మిగిలిన సగం మడుల్లో ఇప్పుడు వేయాలి. దాచిన టమాట, క్యాబేజీ విత్తనం కూడా ఈ వారమే నారు పోయాలి.

మూడో విడత: డిసెంబరు మొదటి పక్షం

రెండోసారి పోసిన నారు మిగిలిన టమాట, క్యాబేజీ మడుల్లో నాటాలి. మెంతికూర పీకేసిన మడిలో మళ్లీ మెంతులు, ఖాళీగా ఉంచిన నాలుగో ఆకుకూర మడిలో కొత్తిమీర వేయాలి. తోటకూర, గోంగూర చలికి ఎదుగుదల మందగిస్తాయి, వాటికి తొందరపడవద్దు. సంక్రాంతి దాటాక ఖాళీ అయ్యే మడుల్లో తోటకూర, బెండ, గోరుచిక్కుడు వేసుకుంటే ఎండాకాలం కూరకు అదే దారి.

సంక్రాంతి రోజుల్లో అందరి పంటా వచ్చి అంగట్లో టమాట చవకవుతుంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరేకొద్దీ ధర పెరగడం మొదలవుతుంది. మూడో విడత టమాట అప్పుడు ఆదుకుంటుంది.

నీళ్లు

చలిలో ఎదిగిన మొక్కలకు నాలుగైదు రోజులకోసారి తడి చాలు. పొద్దున్నే పెట్టాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగుళ్లు వస్తాయి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పెరటికి మళ్లించండి. సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు వద్దు, అరటి, బొప్పాయి పాదులకు వదలండి.

పత్తి మందు పెరట్లోకి రానివ్వకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. పత్తికి కలిపిన మందు ట్యాంకులో కాస్త మిగిలితే, "పారబోయడమెందుకు" అని చిక్కుడు పాదు మీద కొట్టేసేవారు ఉన్నారు. మర్నాడే ఆ కాయ కోసి పిల్లలకు కూర వండుతారు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పత్తి మందు మోతాదు వేరు, కొట్టాక ఆగాల్సిన రోజులు వేరు. ఆకుకూరలకు అన్ని రోజులు ఆగే వీలే లేదు. ఆ ట్యాంకును పెరట్లో కడగవద్దు కూడా.

పెరటికి చేతిపనే మొదటి మందు. రోజూ పొద్దున ఒక చుట్టు తిరిగి ఆకు అడుగున గుడ్లు, పురుగులు ఏరి నలిపేయాలి. పేనుబంక పట్టిన చిక్కుడు కొసలు తుంచి కాల్చేయాలి. క్యాబేజీ నాటడానికి రెండు వారాల ముందే మడి చుట్టూ ఒక వరుస ఆవాలు వేస్తే రెక్కల పురుగు ముందు వాటి మీదకే పోతుంది. పురుగు పట్టిన ఆవ మొక్కలను పీకి నాశనం చేయాలి. అయినా తగ్గకుంటే అరకిలో వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టండి. తెల్లవారి పిండి వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. కోసిన కూర ఏదైనా బాగా కడిగే వండండి.

ఈ వారం అంగట్లో కూరగాయలకు ఎంత పెట్టారో గోడ మీద బొగ్గుతో రాసి ఉంచండి. శివరాత్రి నాటికి మళ్లీ లెక్క చూసుకోండి. అర గుంట ఏమిచ్చిందో ఆ గోడే చెబుతుంది.