ఉమ్మనీటికి సోకు వ్యాధి

గర్భస్థ శిశువు చుట్టును ఉండు ఉమ్మనీరు కేవలము నీరని మనము తలచుచుందుము. నెలలు నిండువేళకు అందు అధికభాగము శిశువు మూత్రమే! దానిని కప్పియున్న పొరలు చినుగనంతవరకు యోనిలోని సూక్ష్మజీవులు సాధారణముగా లోనికి చేరజాలవు. పొర చినిగిన పిదప గంటలు గడచినకొలది అవి పైకి ప్రాకి, పొరలకు వాపును, ఉమ్మనీటికి చీమును కలిగించును.

తల్లికి 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటిన జ్వరము, వేగముగా కొట్టుకొను నాడి, శిశువు గుండె నిమిషమునకు 160 సార్లకు మించి కొట్టుకొనుట దీని గుర్తులు. నీటికి దుర్వాసన యుండవచ్చును, లేకపోవచ్చును. “నీరు పోయినది గాని నొప్పులు రాలేదు గదా” యని ఇంట వేచియుండు అలవాటునే మేము ముఖ్యముగా వారింపగోరుచున్నాము.

ఆసుపత్రిలో ఆంపిసిలిన్, జెంటామైసిన్ వంటి మందులను నరము ద్వారా ఎక్కించుచు కాన్పు జరిపింతురు. ఈ వ్యాధి ఒక్కదాని కొరకే ఆపరేషన్ అవసరము లేదు.