బొటనవ్రేలి వంపు: చిన్న రంధ్రము, పెద్ద చికిత్స

గత సంవత్సరము మా అక్కగారి కుడిపాదమునకు శస్త్రచికిత్స జరిగినది. చూడవచ్చిన బంధువులందరును “ఆనెకాయ కోసివేసిరా?” అని అడిగిరి. అక్కగారును అట్లే తలచియుండిరి. ఆ పొరపాటు వలన ఆమె మూడవ వారమున కష్టపడవలసి వచ్చెను. విద్యార్థులును వారి తల్లిదండ్రులును ఈ విషయమును సరిగా గ్రహింతురని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బొటనవ్రేలి మొదట, పాదము లోపలి ప్రక్కన లేచు ఈ గడ్డకు ఇంగ్లీషున బన్యన్ అని పేరు. (చొక్కా క్రింద తొడుగుకొను బనియనుకును దీనికిని సంబంధము లేదు.) ఆనెకాయ చర్మము గట్టిపడుట వలన కలుగునది. బన్యన్ అట్టిది కాదు; అది ఎముకల వరుస తప్పుట. బొటనవ్రేలికి వెనుక పాదములో నున్న పొడవైన ఎముకను ప్రపదాస్థి యందురు. ఆ ఎముక ముందుకొన రెండవ కాలి వైపునకు జరుగును; వ్రేలు మాత్రము తన ప్రక్కవ్రేలి మీదికి ఒరుగును.

బల్లపై రెండు పెన్సిళ్లను కొనకు కొన తగులునట్లు ఒకే వరుసలో ఉంచుడు. అవి కలసిన చోటును ప్రక్కకు నెట్టుడు. అచ్చట ఒక మూల పొడుచుకొని వచ్చును. మనము గడ్డ యనునది ఆ మూలయే. దానిని ఆకురాయితో ఎంత అరగదీసినను పెన్సిళ్లు తిన్నన కావు. వ్రేలి ఒరుగుదల 15 డిగ్రీలు మించినచో వైద్యులు సాధారణముగా దానిని వికారముగా లెక్కింతురు.

కొందరికి ఇది వంశపారంపర్యముగా వచ్చును, స్త్రీలలో అధికము. పాదరక్షల పాత్రయు కలదు. హాంగ్‌కాంగ్‌లోని చీనీయుల పాదములను పరీక్షించి 1958లో ప్రకటించిన వ్యాసమున, బూట్లు తొడుగువారిలో 33 శాతమునకును, తొడుగనివారిలో సుమారు 2 శాతమునకును ఈ వంపు ఉన్నట్లు తేలెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో త్రవ్వితీసిన 177 అస్థిపంజరములను గూర్చి 2021లో వెలువడిన పరిశోధన మరింత వింతైనది. 11 నుండి 13వ శతాబ్దము వరకు జీవించినవారిలో 6 శాతమునకే వంపు కలదు; 14, 15 శతాబ్దములవారిలో 27 శాతమునకు! నడుమ వచ్చిన మార్పేమనగా, మొనదేలిన బూట్లు వేడుకయయ్యెను.

ఎముక వరుస తప్పినది గనుక ఎముకను కోసి జరుపుటయే చికిత్స. జెనీవా వైద్యుడు రెవర్డిన్ 1881లోనే అట్టి పద్ధతిని వివరించెను. పిదప నూరుకు పైగా పద్ధతులు వెలువడినవి. పెక్కింటికి చర్మమును కొన్ని సెంటీమీటర్ల పొడవున తెరువవలెను. 1945లో అమెరికాలో పోలొకాఫ్ అను పాదవైద్యుడు చిన్న రంధ్రము గుండ పని సాగించుటకు ఆరంభించెను.

నేటి పద్ధతి ఇది. 3 నుండి 5 మిల్లీమీటర్ల రంధ్రముల గుండ, దంతవైద్యుని మరను పోలిన సన్నని బర్‌ను లోనికి పంపుదురు. అది మెల్లగా తిరుగును. వేడికి ఎముక మాడకుండ ఉప్పునీటిని ధారగా విడుతురు. లోపలి పని కంటికి కనబడదు. ఎక్స్-కిరణ యంత్రపు తెరయే వైద్యునికి కన్ను. ప్రపదాస్థిని ముందుకొనకు సమీపమున తెగగోసి, ఆ కొనను రెండవ వ్రేలి వైపునకు జరిపి, తరచుగా రెండు మరమేకులతో బిగింతురు. అవసరమైనచో ఆకిన్ అనునతడు 1925లో చెప్పినట్లు వ్రేలి ఎముకలోను సన్నని త్రికోణపు ముక్కను తొలగించి వ్రేలిని సరిచేయుదురు.

చాలమంది ఆ దినముననే ఇల్లు చేరుదురు. గట్టి అడుగు గల ప్రత్యేక పాదరక్షతో కొద్దిగా నడువవచ్చును. అక్కగారి చిక్కంతయు ఇచ్చటనే. “ఇంత చిన్న గాయమునకు ఆరు వారములా, తమ్ముడూ?” అని ఆ పాదరక్షను విడిచి, వంటయింట గంటల తరబడి నిలిచిరి. సాయంకాలమునకు పాదము ఉబ్బిపోయెను. మరల తీసిన చిత్రములో మరమేకులు కదలలేదు, అది అదృష్టము. చర్మమున రంధ్రము చిన్నదైనను, ఎముక తెగుట పూర్తిగా తెగుటయే. అది అతుకుటకు కనీసము ఆరు వారములు కావలెను. వాపు పూర్తిగా తీయుటకు ఒక్కొక్కప్పుడు ఆరు మాసములు దాటును.

ఈ పద్ధతికి నిదర్శనములు చాలవని 2010లో బ్రిటనులోని నైస్ అను సలహా సంస్థ హెచ్చరించెను. తరువాత బిగింపు మెరుగైనది. తొలి దినములలో నొప్పి తక్కువగా ఉండునని పరిశోధనలు చెప్పుచున్నవి. కడపటి ఫలితము మాత్రము పాత పద్ధతికి ఇంచుమించు సమానమే. నరము దెబ్బతినుట, వంపు మరల వచ్చుట, మరమేకు ఒరయుట అను చిక్కులు దీనికిని కలవు. నొప్పి లేనివారు అందమునకై దీనికి పూనుకొనుట అవివేకమని నా తలంపు.

ఎదుగు పిల్లలకు ఒక పరీక్ష చెప్పెదను. కాగితముపై నిలువబెట్టి పాదము చుట్టును గీత గీయుడు. ఆ గీతపై బూటు నుంచుడు. గీత వెలుపల కనబడినచో బూటు ఇరుకు. ఈ పరీక్షను మా ఏడవ తరగతిలో చేసితిమి. గీత కనబడిన బిడ్డలు తక్కువమంది కారు. ఈ సంవత్సరము నుండి నల్లబూట్ల నియమమున “ముందుభాగము వెడల్పుగా ఉండవలెను” అని చేర్చితిమి.