ఫార్మాట్ కొట్టే ముందు

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరైనా, విజయనగరం కోట జంక్షన్ దగ్గరైనా, ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని షాపుకి పట్టుకెళ్తే తరచూ వినపడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దామండి." కొన్నిసార్లు దాంతో పని జరిగిపోతుంది, అందుకే ఆ మాట ఇంకా బతికుంది. హార్డ్‌వేర్ సర్వీసునో, డెస్క్‌టాప్ సపోర్టునో వృత్తిగా ఎంచుకోవాలనుకునే ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్ విద్యార్థులకు మాత్రం నేను ఎదురు మాట చెబుతాను. రోగం ఏమిటో తేలకముందే ఫార్మాట్ కొట్టడమంటే రోగి కేస్‌షీటు చించి పారేయడం. తప్పు ఎక్కడుందో రుజువుతో చూపించగలిగిన వారికే ఈ రంగంలో రెండో మెట్టు దొరుకుతుంది. విండోస్ వేయడం ఒక్కటే వచ్చినవారు మొదటి మెట్టు మీదే ముసలివాళ్లవుతారు.

ఈ తేడా బాగా బయటపడేది వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ దగ్గర. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పీ సిరీస్ వంటివి సివిల్, మెకానికల్ ఇంజనీర్లు రెవిట్, సాలిడ్‌వర్క్స్, కాటియా నడపడానికి కొనే యంత్రాలు. వీటిలో తరచుగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి: ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్‌ది ఒకటి, విడిగా ఎన్విడియాది ఒకటి. తేలిక పని మొదటిది చూసుకుంటుంది, బరువు పని రెండోది ఎత్తుకుంటుంది. త్రీడీ మోడల్ తిప్పబోతే నత్తనడక నడుస్తోందంటే కార్డు పోయిందనే అనుకోనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ చిన్న చిప్ మీదే నడుస్తూ ఉండొచ్చు, టాస్క్ మేనేజర్‌లో ఏ జీపీయూ పని చేస్తోందో చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌కి అందరూ చెప్పే "కొత్త డ్రైవర్ వేసెయ్" సలహా కూడా ఇక్కడ బెడిసికొట్టొచ్చు. సాలిడ్‌వర్క్స్ వంటి వాటికి ఫలానా కార్డుతో ఫలానా డ్రైవర్ వెర్షన్‌ని పరీక్షించి ధ్రువీకరించిన జాబితా ఉంటుంది, నిన్న విడుదలైన డ్రైవర్ అందులో ఉండకపోవచ్చు. అప్‌డేట్ తరవాతే యంత్రం చెడితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాత డ్రైవర్‌తో నడిపి చూడాలి. ఫార్మాట్ కొట్టేశాక ఏ డ్రైవర్‌తో చెడిందో చెప్పే ఆధారమే మిగలదు.

డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనపడగానే చాలామంది కంగారు పడతారు గానీ, అది యంత్రం మనకు రాసిచ్చిన ఫిర్యాదు చీటీ. దాని మీద రెండుసార్లు నొక్కితే ఒక అంకె ఉంటుంది. 28 అయితే డ్రైవర్ అసలు వేయలేదు. 10 అయితే పరికరం మొదలు కాలేకపోయింది. 43 అయితే తనలో తేడా ఉందని పరికరమే చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. ఇది డ్రైవర్ తప్పూ కావచ్చు, చిప్ తప్పూ కావచ్చు, తేల్చాల్సింది మనమే. పేరు తెలియని పరికరమైతే హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో వెండర్ అంకె 10డీఈ ఉంటే అది ఎన్విడియాది, 8086 ఉంటే ఇంటెల్‌ది. (1978లో తెచ్చిన ప్రాసెసర్ నంబరునే ఇంటెల్ ఇంటిపేరు చేసుకుంది మరి.) తేల్చే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది దాదాపు ఖర్చు లేనిది: పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయడం. విండోస్‌లో కనపడని వైఫై అక్కడ పట్టుకుంటే కార్డు బతికే ఉంది. అక్కడా కనపడకపోతే అనుమానం కార్డు మీదికో, బయోస్ సెట్టింగ్ మీదికో జరుగుతుంది. అప్పటికీ అనుమానమే, ఎందుకంటే మరీ కొత్త కార్డుకి ఉబుంటులోనూ డ్రైవర్ ఉండకపోవచ్చు.

మన వైపు డ్రైవర్ తప్పులా కనిపించేవి కొన్ని గోడలోంచి వస్తాయి. చార్జర్ పెట్టగానే తెర మీద బాణం గుర్తు దానంతటదే గెంతి, చార్జర్ తీయగానే కుదురుకుంటే, ముందు చూడాల్సింది ప్లగ్గు. మూడు కాళ్ల ప్లగ్గుకి రెండు కాళ్ల కన్వర్టర్ తగిలించడం, ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోవడం అరుదేమీ కాదు. ల్యాప్‌టాప్ లోహపు మూతను తాకితే సన్నగా జివ్వుమనడం కూడా దాని గుర్తే. 180, 240 వాట్ల చార్జర్ అడిగే వర్క్‌స్టేషన్‌కి స్నేహితుడి 65 వాట్ల చార్జర్ పెడితే యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గుండ్రటి పిన్ను ఉన్న డెల్ చార్జర్లలో మధ్యన సూదిలాంటి సన్నటి పిన్ను ఉంటుంది. అది విరిగితే చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి తెలియదు, దాంతో బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. అలాంటి యంత్రానికి పదిసార్లు ఫార్మాట్ కొట్టినా వేగం రాదు. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదంటే లోపల బ్యాటరీ ఉబ్బి కింద నుంచి నెడుతూ ఉండొచ్చు, అప్పుడు డ్రైవర్ల వెతుకులాట పక్కన పెట్టి యంత్రం ఆపేసి బ్యాటరీ తీయించాలి. ఇక ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం పొడవునా ఉప్పుగాలి, తేమ. ర్యామ్ కాంటాక్టుల మీద, కనెక్టర్ల మీద మకిలి పడితే ఈరోజు బ్లూ స్క్రీన్ వస్తుంది, రేపు రాదు. ఇలా వచ్చిపోయే తప్పుల్లోనే పనివాడి ఓపిక తెలుస్తుంది. ర్యామ్‌లు ఒక్కొక్కటి విడిగా పెట్టి, మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపి చూడాలి. ఒకేసారి ర్యామ్ మార్చి, డ్రైవర్ మార్చి, బయోస్ అప్‌డేట్ చేస్తే యంత్రం బాగుపడొచ్చు గానీ దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

"కస్టమర్‌కి సాయంత్రానికల్లా కావాలి, ఇచ్చే నాలుగు డబ్బులకి ఇంత పరిశోధన ఎవరు చేస్తారు?" అనే షాపు వాదనను తీసిపారేయలేం. కానీ మెమ్‌టెస్ట్ తప్ప పైన చెప్పిన వాటిలో చాలా వాటికి పావుగంట చాలు. పైగా ఫార్మాట్ దారి కూడా ఇప్పుడు సాఫీగా లేదు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ వేయబోతే ఎస్ఎస్‌డీ అసలు కనపడదు. వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉండి, దాని డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో లేకపోవడం ఇందుకు కారణం. అది తెలియకపోతే బంగారంలాంటి ఎస్ఎస్‌డీ "పోయింది" అనిపించుకుంటుంది.

అసలు ఫార్మాట్ అలవాటు ఉద్యోగానికే ముప్పు తెచ్చే చోటు మన దగ్గరే ఉంది. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల పరిశ్రమలున్నాయి. అటువంటి పరిశ్రమల ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ వంటి విశ్లేషణ పరికరాలు కంప్యూటర్‌తోనే నడుస్తాయి. అమెరికాకు మందులు పంపే సంస్థలకు 1997లో అమల్లోకి వచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధన వర్తిస్తుంది: ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో జాడ ఉండాలి. అలాంటి కంప్యూటర్‌లో డ్రైవర్ మార్చాలన్నా ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, మార్చాక పరీక్షించి చూపాలి. చెప్పకుండా ఫార్మాట్ కొట్టే కుర్రాడు అక్కడ ఒక్క రోజు నిలవడు.

ఇంకో అభ్యంతరం కాస్త కొత్తది: అంతా క్లౌడ్‌లోకి పోతోంది, ఏఐ వచ్చేసింది, ఇక ఈ స్క్రూడ్రైవర్ పని ఎవరికి కావాలి? 2024 జులై 19న జరిగింది దీనికి జవాబు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌ని దాని డ్రైవర్ చదవబోయి కూలడంతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. బూట్ కాని యంత్రాన్ని దూరం నుంచి సరిచేయడం కుదరక, చాలాచోట్ల మనిషి దాని ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉన్నచోట ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఏఐ పది కారణాలు చెప్పగలదు, అందులో తొమ్మిదింటిని కొట్టేయడానికి పరీక్ష పెట్టాల్సింది మనిషే.

జీతం మాటకొస్తే, మొదటి సపోర్ట్ ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంత రాదు, దాచి లాభం లేదు. అయితే ఇక్కడి నుంచి నెట్‌వర్క్, సర్వర్, డేటా సెంటర్ వైపు మెట్లున్నాయి. 2025 అక్టోబరు 14న విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ ప్రకటించింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిందీ ఆ రోజే. మొదటి వార్త అందరూ చదివారు. రెండోదాని వల్ల ఆఫీసుల్లో పాత యంత్రాలకు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉందా, విండోస్ 11 ఎక్కుతుందా, ఎక్కితే డ్రైవర్లు దొరుకుతాయా అని చూసే పని పుట్టింది. నా దృష్టిలో విద్యార్థికి ముందుగా అందేది ఈ రెండో పనే. "బీటెక్ చదివి ఇదా?" అంటారు కొందరు. కారణాన్ని పట్టుకునే బుద్ధికి డిగ్రీ అడ్డు కాదు. ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ నేరుగా దీనికోసమే ఉంది, మీ దగ్గరి ఐటీఐలో ఉందేమో కనుక్కోండి. రెండు పరీక్షలుగా జరిగే కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికెట్ కూడా తప్పును వెతికే వరుసను నేర్పి, చివర్లో జరిగినదాన్ని రాసిపెట్టమంటుంది.

ఖరీదైన యంత్రం లేకపోయినా సాధన ఆగదు. డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థలు తమ సర్వీస్ మాన్యువళ్లను ఉచితంగానే పెట్టాయి, కాలేజీలో మూలపడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి చాలు. పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. యంత్రం మోడల్, కనిపించిన లక్షణం, డివైస్ మేనేజర్ అంకె, మీ అనుమానం, పెట్టిన పరీక్ష, తేలిన సంగతి, అన్నీ రాయండి. తేలనివి కూడా రాయండి. ఇరవై పేజీలు నిండాక ఆ పుస్తకాన్ని ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి.