అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పు

తెనాలి

చి॥ కిరణ్‌కి మావయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు గొంతు తగ్గించి మాట్లాడుతుంటేనే అర్థమైంది, మీ అమ్మ పక్క గదిలో ఉందని. "అమీర్‌పేటలో కన్సల్టెన్సీవాళ్లు అమెరికా వీసా ఫారంలో కేసుల ప్రశ్నకి ‘నో’ పెట్టెయ్యమంటున్నారు, పెట్టెయ్యనా మావయ్యా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేశావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ మీద ఉన్నదేమిటో చూద్దాం. 2022 డిసెంబరు 31 రాత్రి జూబ్లీహిల్స్‌లో బ్రీత్ ఎనలైజర్ ఊదిస్తే 78 వచ్చింది. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకి మించి ఆల్కహాల్ ఉండనివ్వదు. బండి తీసుకున్నారు. కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. ఆ తరవాత కోర్టులో తప్పు ఒప్పుకొని 10,000 రూపాయల జరిమానా కట్టి ఇంటికొచ్చావు. "నన్ను అరెస్టు చెయ్యలేదుగా, ఫైన్ కట్టాను, అయిపోయింది" అంటావు. హెల్మెట్ పెట్టుకోలేదని ఇంటికొచ్చే ఈ-చలానా కట్టడం వేరు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఎదుట నేరం ఒప్పుకొని జరిమానా కట్టడం వేరు. ఆ సెక్షన్‌లో మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు రాసి ఉంది. నువ్వు కట్టింది శిక్షే. 34 ఏళ్లు కోర్టు రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఇక ఆ ఫారం. డీఎస్-160లో వాళ్లు అడిగేది నువ్వు అరెస్టయ్యావా అని ఒక్కటే కాదు. ఎప్పుడైనా, ఏ నేరానికైనా అరెస్టయ్యావా లేక శిక్ష పడిందా అని. క్షమాభిక్ష దొరికినా చెప్పాల్సిందే అని కూడా ఉంది. చిన్నదా పెద్దదా అనేది తేల్చే పని నీకు ఇవ్వలేదు. అది కాన్సులేట్ అధికారి పని. సాక్షి బోనెక్కినవాళ్లను కొన్ని వేలమందిని చూశాన్రా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు విషయం ఇబ్బంది కాదు. అవసరం లేదనుకొని దాచిన చిన్న ముక్క దగ్గరే దొరికిపోయేవాళ్లు. ఆ తరవాత వాళ్లు చెప్పిన నిజాన్నీ ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

నీకు నీతులు చెప్పేముందు నా సంగతి కూడా చెప్పాలి. మీ అమ్మకే తెలియదు. 1984లో టైపు నేర్చుకోవడానికి గుంటూరు తిరిగే రోజుల్లో సీజన్ టికెట్ గడువు దాటిన రెండో రోజు రైల్లో దొరికాను. రైల్వే మేజిస్ట్రేటు జరిమానా వేశారు. 1987లో కోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా జరిమానా పడిందా అని అడిగితే ‘లేదు’ అని రాశాను. నన్నెవరూ పట్టుకోలేదు. మీ కన్సల్టెన్సీవాళ్లు చెప్పే "ఎవరికీ తెలీదు సార్" నా విషయంలో నిజమే అయింది. కానీ ప్రమోషన్‌కి నా సర్వీసు రిజిస్టరు పైకి వెళ్లిన ప్రతిసారీ అన్నం సహించేది కాదు. చెప్పేసి ఉంటే ఒక్క రోజు సిగ్గుపడి ఊరుకునేవాణ్ణి.

నాలాంటివాళ్ల సంగతి 2016లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అవతార్ సింగ్ కేసు అంటారు. ఫారంలో అడిగింది నిజంగానే రాయాలి, దాచకూడదు అని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. అయితే కుర్రతనంలో నినాదాలు చెయ్యడంలాంటి చిన్న నేరమైతే, దాచినా యజమాని క్షమించవచ్చు అన్నారు. అమెరికావాళ్ల దగ్గర ఆ వెసులుబాటు ఆశించకు. వాళ్ల ఇమ్మిగ్రేషన్ చట్టం 212వ సెక్షన్ ప్రకారం, వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని కావాలని తప్పుగా చెప్పినట్టు తేలితే జీవితాంతం అనర్హతే. మినహాయింపు అడగొచ్చుగానీ, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబెట్టి ప్రమాణం చేయించి మరీ అడుగుతారు. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అనే ప్రశ్న కూడా అందులోనే ఉంది. ‘నో’ పెట్టమన్నవాడు ఆ రోజు నీ పక్కన ఉండడు. సంతకం నీది, వేలిముద్రలు నీవి.

మరి చెబితే ఏమవుతుంది? ఒక్క డ్రంకెన్ డ్రైవ్ కేసుకే మామూలుగా తలుపు మూసెయ్యరు. గడిచిన ఐదేళ్లలో ఇలాంటి కేసు ఒకటున్నా, పదేళ్లలో రెండున్నా, కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గరికి పంపుతారు. తాగుడు అలవాటుందా, దానివల్ల ఇతరులకు ప్రమాదమా అని ఆయన చూస్తాడు. అప్పటిదాకా 221(జి) కాగితం చేతికిచ్చి ఆపుతారు. కొన్ని వారాలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. వీసా వచ్చి తీరుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆలస్యమైతే మళ్లీ అడగొచ్చు, అబద్ధం బయటపడితే మాత్రం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది.

కుదరకపోతే కెనడా వెళ్తానన్నావు. అక్కడ లెక్క వేరు. 2018 డిసెంబరు 18 నుంచి తాగి బండి నడపడానికి వాళ్ల చట్టంలో పదేళ్ల దాకా శిక్ష పెట్టారు కాబట్టి, మన దగ్గర జరిమానాతో పోయిన కేసును కూడా వాళ్లు తీవ్రమైన నేరంగానే చూస్తారు. దాచి దొరికితే ఐదేళ్లు రానివ్వరు. బ్రిటన్‌లో మోసం చేసినట్టు తేలితే నిషేధం పదేళ్ల దాకా ఉంటుంది. అందుకే స్నేహితుడు ఏం పెట్టాడని అడగొద్దు, ఆ దేశం ఏం అడిగిందో చదువు.

ఇక చెయ్యాల్సిన పనులు. జరిమానా వేసిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకో. కేసు నంబరు తెలియకపోతే ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో నీ పేరుతో వెతుకు. చిన్న కేసుల రికార్డులు ఎల్లకాలం ఉంచరు, ఆలస్యం చెయ్యకు. జరిమానా రసీదు జాగ్రత్త చెయ్యి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌లో ఏమీ రాలేదని ధైర్యపడకు. ఆ ప్రశ్న వేసింది నీకు, పోలీసులకు కాదు. ఫారం సబ్మిట్ చెయ్యకముందే మీ కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయరుకి అంతా చెప్పు. ‘ఎస్’ పెడితే వివరణకి చోటిస్తారు. తేదీ, సెక్షన్, కోర్టు, శిక్ష, అది పూర్తయిన రోజు, అంతే రాయి. స్నేహితులు బలవంతం చేశారనీ, కొద్దిగానే తాగాననీ రాయకు. ఇంటర్వ్యూలో కూడా అడిగినంతే చెప్పు, ఆ వివరాలే చెప్పు. పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా విమానం టికెట్ కొనకు, ఇక్కడి ఉద్యోగం మానకు.

ఇంకొక్క మాట. అమెరికా వీసా వచ్చాక అక్కడ తాగి బండి నడిపి దొరికితే, కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం వాళ్లకుంది. అదలా ఉంచు. 78తో ఆ రాత్రి నువ్వు బండి ఎక్కినప్పుడు, రోడ్డు మీద ఇంకొకళ్ల పిల్లలు కూడా ఉన్నార్రా. నాకు కోపం వచ్చింది అందుకే, వీసా కోసం కాదు.

ఈ ఆదివారం మీ అమ్మకి నువ్వే చెప్పు. ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు అన్నం తిన్నావా అని అడుగుతుంది. నా రైలు సంగతి నేను వచ్చినప్పుడు చెప్పుకుంటాను. సోమవారం పొద్దున్నే కోర్టుకెళ్లి కాపీకి అర్జీ పెట్టి, దాని నంబరు నాకు మెసేజ్ చెయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య