ఆ 180 గంటలు పిల్లలవే



పేరెంట్స్ మీటింగ్‌లో పదో తరగతి పిల్లల గురించి మాట్లాడుకుంటూ ఉంటే కాలేజీ మాట రాకుండా ఉండదు. ఇంటర్ ఎక్కడ, ఇంజినీరింగ్ ఎక్కడ, ఆ తర్వాత ఎమ్మెస్‌కి ఏ దేశం అన్న లెక్క చాలామంది దగ్గర తయారుగానే ఉంటుంది. కాలేజీ బ్రోచర్ చేతికి రాగానే మనం ముందు చూసేది ర్యాంకులు, తర్వాత ప్యాకేజీలు, ఆ తర్వాత హాస్టల్ ఫీజు. చివరి పేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ అంటూ నాలుగు ఫొటోలు వేస్తారు. వాటి కింద ఏం రాశారో ఎవరం చదవం. ఈ నెల పాఠం ఆ చివరి పేజీల గురించే.

ముందు నిబంధన ఏమిటో తెలుసుకుందాం. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన సిలబస్ ప్రకారం మన రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ మొదటి సంవత్సరం అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఒక ఊరినో వార్డునో ఎంచుకుని ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి. అక్కడి సమస్య ఒకదాన్ని పట్టుకుని దాని మీద అవగాహన కార్యక్రమం నడపాలి. ఏ రోజు ఏం చేశారో లాగ్‌బుక్‌లో రాయాలి. చివర్లో రిపోర్టు ఇవ్వాలి. దీనికి మార్కులు, క్రెడిట్లు ఉన్నాయి. ఇంజినీరింగ్ కోర్సుల్లోనూ ఇలాంటి సమ్మర్ ప్రాజెక్టు ఉంటోంది. ఎన్‌ఎస్‌ఎస్ ఇంతకన్నా చాలా పాతది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అందులో చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల క్యాంపుకి వెళ్లాలి.

కాగితం మీద అంతా బాగుంది. జరిగేది మీకూ తెలుసు. రెడీమేడ్ రిపోర్టులు దొరుకుతాయి. ఊరి పేరు, విద్యార్థి పేరు మారిస్తే సరిపోతుంది. "ఎండల్లో మావాడు ఊళ్లు పట్టుకుని తిరగడం ఎందుకండీ, సర్పంచ్ గారు మనకి తెలిసినవారే, సంతకం పెట్టించేస్తాం" అనే మాట ప్రేమతోనే వస్తుంది, కాదనను. కానీ అలా పెట్టించిన సంతకంతో పోయేదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక అమ్మాయి కోనసీమలో ఏదో ఊరు వెళ్లి వరి రైతుల సర్వే చేస్తోందనుకోండి. ప్రశ్నల కాగితంలో "మీకు కౌలు కార్డు ఉందా?" అని ఒక ప్రశ్న. పది ఇళ్లలో ఏడిళ్లు లేదనే అంటే, ఎందుకు లేదు అని అడక్క తప్పదు. అడిగితే వచ్చే జవాబు డెల్టాలో ఎవరికీ కొత్త కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అది 11 నెలల ఒప్పందం, దానివల్ల యజమాని హక్కుకి భంగం రాదని చట్టంలోనే ఉంది. అయినా సంతకం పెట్టడానికి చాలామందికి భయం. కార్డు లేకపోతే కౌలుదారు పేరు మీద బ్యాంకు పంట రుణం పుట్టడం కష్టం. తుపానుకి సార్వా పడిపోతే సాయం తన పేరు మీద రాదు. మక్తా మాత్రం కట్టాలి. పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాలి. 'సోషల్ జస్టిస్' అనే మాట ఇంగ్లీషు పుస్తకంలో చదివితే పెద్ద సిద్ధాంతంలా ఉంటుంది. ఊళ్లోకి వెళ్తే అది ఎవరు పెట్టాల్సిన సంతకం ఎవరు పెట్టలేదు అన్నంత చిన్న విషయం.

ఆ అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి, "నాన్నా, మన పొలం చేసే బాబాయికి కార్డు ఇచ్చామా?" అని అడగవచ్చు. మన స్కూలు తల్లిదండ్రుల్లో పొలం కౌలుకి ఇచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆ ప్రశ్న ఇబ్బందిగానే ఉంటుంది. అయినా 180 గంటల్లో పిల్లలకి దొరికే అసలైన చదువు అదేనని నా అభిప్రాయం. రెడీమేడ్ రిపోర్టు కొంటే డిగ్రీకి లోటు రాదు గానీ ఈ ప్రశ్న మాత్రం ఇంటికి రాదు.

ఒక ప్రశ్న మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మన రాజమండ్రి ఆడపడుచు ఒకరున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. స్కూల్లో చదువు ఇంగ్లీషులోకి మార్చారని నిరసనగా బడి మానేశారు. (ఇంగ్లీషు మీడియం టీచర్ని నేనే ఈ సంగతి రాయడం చూసి మా పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.) ఆ తర్వాత ఆడపిల్లలకి హిందీ నేర్పడానికి తనే పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర ఆపిన కథ చాలామందికి తెలుసు. మన పాఠానికి కావాల్సింది ఆ తర్వాతి కథ.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో ఆమెను అరెస్టు చేశారు. వేలూరు, మదురై జైళ్లలో శిక్ష అనుభవించారు. మదురైలో ఏకాంత ఖైదు. అక్కడ ఆమెకు కనిపించినవాళ్లలో చాలామంది ఉద్యమకారులు కారు. మామూలు నేరాల మీద వచ్చిన ఆడవాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు. కోర్టులో ఏమన్నారో, తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో వాళ్లకి తెలియదు. చెప్పేవాళ్లూ లేరు. చట్టం తెలిసిన మనిషి ఒక్కరు పక్కన ఉండి ఉంటే వీళ్లలో ఎంతమంది ఇక్కడికి వచ్చేవారు కాదు అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. విడుదలయ్యాక లా చదవాలని నిశ్చయించుకున్నారు.

లా చదవాలంటే ముందు డిగ్రీ ఉండాలి, డిగ్రీకి మెట్రిక్ ఉండాలి. ఆమెకు స్కూలు చదువే పూర్తి కాలేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఏ ఇంగ్లీషు వద్దని బడి మానేశారో ఆ ఇంగ్లీషే పట్టుబట్టి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగితే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. తోటి అమ్మాయిలని కూడగట్టి తామే హాస్టల్ నడుపుకుని రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ చదివారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. జైల్లో పుట్టిన ప్రశ్నకి లా డిగ్రీ చేతికి వచ్చేసరికి పదేళ్లు దాటింది. ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడికి దూరమైన ఆడవాళ్లని తనలాగే మెట్రిక్‌కి తయారుచేశారు. తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. వయసు దాటిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యే కండెన్స్డ్ కోర్సులు ఆ బోర్డు ద్వారానే వచ్చాయి.

అదే 1953లో ఆమె చైనా వెళ్లారు. అక్కడి కుటుంబ న్యాయస్థానాలు ఎలా పనిచేస్తాయో చూసి వచ్చి, మన దేశంలోనూ అలాంటివి కావాలని న్యాయమూర్తులతో, నెహ్రూ గారితో మాట్లాడారు. మన ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే పోయారు. ఈరోజు విడాకులకో, భరణానికో ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే ప్రతి ఇల్లాలి కేసు వెనక ఆ ప్రయాణం కొంత ఉంది. స్టడీ అబ్రాడ్ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఈ ఉదాహరణే. పరాయి దేశంలో మనకి లేనిది ఏముందో చూడటం, చూసినదాన్ని ఇంటికి తేవడం.

జైలు అన్నాను కాబట్టి ఇంకొంచెం ఆగుదాం. రాజమండ్రిలో ఉండే మనందరికీ సెంట్రల్ జైలు గోడ తెలుసు. బస్సులో ఆ పక్కనుంచే వెళ్తాం. ఆ గోడ వెనక ఉన్నవాళ్లంతా శిక్ష పడినవాళ్లే అనుకుంటారు మన పిల్లలు. దేశం మొత్తం మీద 2022 చివరి లెక్కలు చూస్తే ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. కేసు ఇంకా తేలనివాళ్లన్నమాట. ఈ ఒక్క సంగతి పిల్లలకి చెప్పి చూడండి, 'ఖైదీ' అన్న మాటని తర్వాత కొంచెం ఆలోచించి వాడతారు.

జైల్లో చదువు మనకి కొత్తేం కాదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం జైళ్లలో ప్రత్యేక స్టడీ సెంటర్లు నడుపుతోంది, ఖైదీలకి ఫీజు తీసుకోదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా తెలుగు నేల మీద జైళ్లలో ఉంటూ డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఉన్నారు. తెలంగాణ జైళ్ల శాఖ వేలిముద్రతో లోపలికి వచ్చినవాళ్లు సంతకంతో బయటికి వెళ్లాలనే లక్ష్యంతో అక్షరాస్యత కార్యక్రమం నడిపింది.

అమెరికాలో కాలేజీలే జైల్లోకి వెళ్లాయి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో లోరీ పాంపా అనే అధ్యాపకురాలు 1997లో ఒక కోర్సు మొదలుపెట్టారు. బయటి విద్యార్థులు, లోపలి ఖైదీలు ఒకే గదిలో, ఒకే సిలబస్‌తో, సెమిస్టరంతా కలిసి చదువుతారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. విద్యార్థులు ఖైదీలకి పాఠం చెప్పడానికి వెళ్లరు, జాలి చూపించడానికీ వెళ్లరు. ఇద్దరికీ అదే హోంవర్కు. న్యూయార్క్ రాష్ట్రంలో బార్డ్ కాలేజీ జైల్లోనే డిగ్రీ కోర్సులు నడుపుతోంది. 2015 సెప్టెంబరులో అక్కడి ఖైదీల డిబేట్ జట్టు హార్వర్డ్ విద్యార్థుల జట్టుని ఓడించింది. వాళ్లకి ఇంటర్నెట్ లేదు. పుస్తకం కావాలంటే జైలు అధికారుల అనుమతి కోసం రోజుల తరబడి ఆగాలి. పైగా తాము నమ్మని వాదాన్ని సమర్థించి గెలిచారు. మా డిబేట్ క్లబ్ పిల్లలకి ఇది చెబితే కాసేపు నోరు మెదపలేదు.

మన దగ్గర పిల్లలు అంత దూరం వెళ్లక్కర్లేదు. లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉంటాయి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచితంగా లాయరు దొరకాలి. ఆ హక్కు ఉందని అవతలివాళ్లకి చెప్పడమే ఆ క్లినిక్ విద్యార్థులు చేసే మొదటి పని. వేలూరు జైల్లో ఆ ఆడవాళ్లకి లేనిది సరిగ్గా అదే కదా.

ఇక విదేశీ చదువు. మన జిల్లాల్లో దీని గురించి నేను కొత్తగా చెప్పేది తక్కువే, మీలో సగం మంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నారు. రెండు మాటలే చెప్తాను. ఒకటి, అప్పు చేస్తేనే వెళ్లగలం అనుకునేవాళ్లకి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఎస్సీ విద్యార్థులకి, సంచార జాతులవారికి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకి ఏటా 125 సీట్లు, అందులో 30 శాతం ఆడపిల్లలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. మాస్టర్స్‌కి, పీహెచ్‌డీకి ఇస్తారు. నిబంధనలు ఏటా కొంచెం మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోండి. మీకు అవసరం లేకపోతే మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికో, మీ డ్రైవరు గారికో ఈ పేజీ చదివి వినిపించండి.

రెండోది, విదేశీ యూనివర్సిటీలు చాలావరకు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒక వ్యాసం అడుగుతాయి. ఎందుకు చదవాలనుకుంటున్నావు, ఇంతవరకు ఏం చూశావు, ఏం చేశావు అని. రెడీమేడ్ రిపోర్టుల్లాగే ఇవీ తయారుగా దొరుకుతాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఎండలో పది ఇళ్లు తిరిగిన అమ్మాయి మాత్రం కౌలు కార్డు గురించి ఒక పేరా సొంతంగా రాయగలదు. ఆమె గ్రామర్ మేము సరిచేయగలం. ఆ పేరాలోని విషయం ఏ టీచరూ ఇవ్వలేరు.

కాలేజీలో చేర్చేటప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి అడిగాక ఇంకో నిమిషం ఆగి ఇవీ అడగండి. పోయిన ఏడాది పిల్లలు ఏ ఊళ్లో ప్రాజెక్టు చేశారు? లెక్చరర్ వాళ్లతో ఎన్నిసార్లు వెళ్లారు? ఒక రిపోర్టు చూపిస్తారా? చూపిస్తే మొదటి పేజీ వదిలేసి మధ్యలో తెరవండి. అందులో ఒక మనిషి చెప్పిన మాట ఏదైనా ఉందా, లేక నెట్‌లో దొరికే పేరాలేనా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆడపిల్లల విషయంలో భద్రత గురించి కూడా అడగాల్సిందే. ఎంతమంది కలిసి వెళ్తారు, బస్సు ఎవరు పెడతారు అని అడిగి పంపండి. భయం ఉందని అసలు మాన్పించకండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఈ నెల పని ఇది. మీకు బాగా తెలిసిన, మీ చుట్టం కాని ఒకరితో పావుగంట మాట్లాడాలి. కడియం నర్సరీలో మొక్కలు కట్టే ఆవిడ కావచ్చు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే అతను కావచ్చు, మీ వీధి ఆటో అన్న కావచ్చు. ముందు వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టాలి, పేరు రాయకూడదు. మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగాలి: మీ రోజు ఎన్నింటికి మొదలవుతుంది, మీరు చదువు ఏ తరగతిలో ఆపారు, అప్పుడు ఏం ఉంటే చదువు ఆగేది కాదు. జవాబులు విన్నాక ఇంగ్లీషులో పది వాక్యాలు రాయాలి. ఇంగ్లీషు పేజీల్లో దానికి ఖాళీ గీతలు ఇచ్చాం. నెలాఖరులోగా క్లాస్ టీచరుకి అందజేయండి. తప్పులు మాత్రం ఇంట్లో దిద్దకండి, పిల్లలు రాసింది రాసినట్టే పంపండి.