కొలిచి చేయించే చెప్పులు, ఇన్‌సోళ్లు: చేయవలసినవి - చేయకూడనివి

కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు, కల్లాల్లో మిర్చి ఏరే కూలీలు, రోజంతా నిలబడి అమ్మే దుకాణదారులు, షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవారు ఈ సూచనలు తప్పక పాటించండి. నొప్పి ఉన్నచోట పడే బరువును పాదమంతటికీ పంచడమే ప్రత్యేక చెప్పుల పని. కొలత తప్పితే ఆ బరువు ఇంకోచోట పడి పుండు చేస్తుంది.

చేయవలసినవి

• ముందు మహబూబాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో, వరంగల్ ఎంజీఎంలోనో డాక్టరుకు పాదం చూపించండి. పాదాలకే పరిమితమైన పోడియాట్రిస్టులు మన దగ్గర అరుదు. ఎముకల డాక్టరు, షుగరు డాక్టరు, ఇన్‌సోళ్లు చేసే ఆర్థోటిస్టు కలిసి ఆ పని చేస్తారు.

• షుగరు ఉంటే ఏడాదికోసారి స్పర్శ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి. నైలాన్ పోగుతో అరికాలి మీద 10 గ్రాముల ఒత్తిడి పెడతారు. అది తెలియకపోతే ముల్లు దిగినా మీకు తెలియకపోవచ్చు.

• కొలతకు వెళ్లేటప్పుడు రోజూ పనికి వేసుకునే పాత చెప్పులు తీసుకెళ్లండి. అడుగు ఏ పక్క అరిగిందో చూస్తే బరువు ఎటు పడుతోందో తెలుస్తుంది.

• సాయంత్రం పూట, నిలబడి, రెండు పాదాలకూ విడివిడిగా కొలత ఇవ్వండి. పొద్దుగూకేసరికి పాదం ఉబ్బుతుంది.

• పొడవైన వేలికి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచమనండి.

• మొద్దుబారిన కాళ్లకు ఎంసీఆర్ చెప్పులు అడగండి. ఎంసీఆర్ అంటే సన్నని గాలి గదులున్న మెత్తటి రబ్బరు. దాని కింద గట్టి సోలు, మడమ వెనక బెల్టు ఉండాలి. బెల్టు లేకపోతే చెప్పు జారుతుంది, జారినా మీకు తెలియదు.

• మెత్తటి పొరను బొటనవేలితో నొక్కి చూడండి. దిగి, వదలగానే లేవాలి. లేవకపోతే మార్పించండి.

• కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారు ఆశా కార్యకర్తను అడగండి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఏటా రెండు జతల ఎంసీఆర్ చెప్పులు ఉచితం. అడగడానికి వెనకాడకండి.

• కొత్త చెప్పులు తొలిరోజు గంటసేపే వేసుకోండి. విప్పి అరికాలు చూడండి. ఎర్రని మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే చెప్పులు వెనక్కి తీసుకెళ్లి సరిచేయించండి.

• వేసుకునే ప్రతిసారీ బోర్లించి దులపండి, లోపల చేత్తో తడమండి. ఒక్క మక్క గింజ, ఒక్క తుమ్మ ముల్లు చాలు.

• రాత్రిపూట నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లతో చూపించండి.

• కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్తే చెప్పులు విడిచేచోట మందపాటి సాక్సులు వేసుకోండి. ఎండకు కాలిన బండ మొద్దుబారిన కాలిని కాల్చినా తెలియదు. మాల వేసుకోదలచిన షుగరు రోగులు దీక్షకు ముందే డాక్టరునూ, గురుస్వామినీ అడగండి. ఒట్టికాళ్లతో 41 రోజులు చాలా ఎక్కువ.

చేయకూడనివి

• ఇంకొకరి ఇన్‌సోళ్లు వేసుకోకండి. కళ్లద్దాల్లాగే అవీ ఒకరివి మరొకరికి పనికిరావు.

• సంతలో కొన్న జెల్ ముక్కను ఇరుకు బూటులో దూర్చకండి. వేళ్లు నలుగుతాయి.

• మడమ శూలకు ఇన్‌సోలు ఒక్కటే చాలనుకోకండి. పిక్కలు సాగదీసే వ్యాయామం మానితే పొద్దున మంచం దిగగానే మళ్లీ అదే పోటు.

• స్పర్శ తగ్గిన మడమను జిల్లేడాకు కప్పిన వేడి ఇటుక మీద ఆనించకండి. కాలినట్టు తెలియదు, బొబ్బ తెల్లారాక కనబడుతుంది.

• ఆనెకాయను బ్లేడుతో కోయకండి. నల్ల జీడి, జిల్లేడు పాలు పెట్టకండి. షుగరు ఉంటే మందుల షాపు ఆనెల పట్టీ కూడా వద్దు. అందులోని ఆమ్లం మంచి చర్మాన్నీ తింటుంది. చెప్పు మారకపోతే ఆనె అక్కడే మళ్లీ లేస్తుంది.

• తెగిన బెల్టుకు మేకు కొట్టకండి, పిన్నీసు గుచ్చకండి. కుట్టించండి.

• ఎంసీఆర్ చెప్పులను పొయ్యి దగ్గర, మండుటెండలో ఆరబెట్టకండి.

• ఐదారేళ్లలోపు పిల్లల చదును పాదాలకు, నొప్పి లేకపోతే, ఇన్‌సోళ్లు కొనకండి. చాలామందికి వంపు దానంతటదే వస్తుంది. ఆ డబ్బుతో కొలతకు సరిపోయే మామూలు చెప్పులు కొనండి.

• పుండు ఉండగా మెత్తటి చెప్పులున్నాయి కదా అని పనికి పోకండి. మానేదాకా ఆ కాలి మీద బరువు వేయకూడదు.

• నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. షుగరు ఉన్నవారికి ఒక్క పాదమే వాచి, ఎర్రబడి, రెండోదానికంటే వేడిగా ఉంటే లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. నడవకండి. అదే రోజు ఆసుపత్రికి చేరండి.